కొలిమి పట్టిన మేనకోడలికి

చి. ప్రసన్నకు మావయ్య ఆశీస్సులు.

నువ్వు డ్రాగన్‌రెల్మ్స్‌లో చేరావని, కమ్మరం నేర్చుకుంటానంటున్నావని మీ అమ్మ చెప్పింది. చెప్పిందనడం కన్నా ఫిర్యాదు చేసిందనాలి. "అన్నయ్యా, పరీక్షలు దగ్గరపెట్టుకుని ఇది తెల్లారకుండా లేచి కంప్యూటర్లో ఇనుము కొడుతోంది" అంది. ఆవిడకి నేను సర్దిచెప్పాను. నాకు సర్దిచెప్పేవాళ్ళే లేరు. బొమ్మ ఒక్కటీ లేకుండా అక్షరాలతోనే నడిచే ఈ ఆటని మా పిల్లలు ఒక్కసారి తొంగి చూసిన పాపాన పోలేదు. నువ్వేమో ఎవరూ చెప్పకుండా వెళ్ళి చేరిపోయావు. సంతోషం పట్టలేకపోయాను. కాసేపటికి టెన్షన్ మొదలైంది. అందుకే ఈ ఉత్తరం. తెరమీది అక్షరాలు నీకు పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి ఇదంతా చదవడానికి చాలాసేపు పడుతుంది, ఓపిక పట్టు.

కళ్ళతో పని లేని ఆట గనక చేరావని మీ అమ్మ అనుకుంటోంది. నిజమే కావచ్చు, అందులో తప్పేముంది? స్క్రీన్ రీడర్‌తో ఆడేవాళ్ళు ఈ టెక్స్ట్ ఆటల్లో ఎప్పటినుంచో ఉన్నారు. ఆటలో నాకు కత్తిని సానపట్టడం నేర్పినావిడ వాళ్ళలో ఒకరు. ఆ సంగతి నాకు చాలాకాలానికి గాని తెలియలేదు. తెలిశాక కూడా ఆవిడ నన్ను తిట్టడం తగ్గించలేదు.

మొదటి పనులు నీకు తెలిసే ఉంటాయి, ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఆటలోని క్రాసింగ్ ఊళ్ళో కమ్మరుల సంఘానికి వెళ్ళు. సుత్తి, పట్టకారు, పార, తిత్తి, పని నేర్పే పుస్తకం, ఆర్డర్లు రాసుకునే లాగ్‌బుక్ కొనుక్కో. చవకరకం లోహపు దిమ్మతో మొదలుపెట్టు. సంఘం పెద్దని అడిగి తేలిక ఆర్డర్లే తీసుకో, గడువు దాటనివ్వకు.

ఇక అసలు పని. పుస్తకంలో నీకు కావలసిన పేజీ తీసి స్టడీ చేస్తావు. దిమ్మని దాగలి మీద పెట్టి పౌండ్, అంటే కొట్టు, అని టైపు చేస్తావు. ప్రతి దెబ్బకీ కొన్ని సెకన్లు ఆగాలి. దాన్నే రౌండ్‌టైమ్ అంటారు. ఆ గడువు తీరకముందే ఇంకో కమాండ్ కొడితే ఆగమని ఒక లైను వస్తుంది, అంతే, పని జరగదు. ఆ లోపు ఆట నీకొక మాట చెబుతుంది. లోహాన్ని తిప్పాలంటుంది, అప్పుడు పట్టకారుతో టర్న్. మంట తగ్గిందంటుంది, అప్పుడు తిత్తి ఊదాలి. బొగ్గు అయిపోవచ్చిందంటుంది, అప్పుడు పార. చివర్లో చల్లార్చే వేళయిందంటుంది, అప్పుడు నీళ్ళ తొట్టి. కత్తి అయితే తర్వాత సానరాయి, పిడి అమర్చడం, నూనె పూయడం ఉంటాయి. ఏ మాట ఎప్పుడు వస్తుందో ముందే తెలియదు. వరస మారుతూ ఉంటుంది. అది చెప్పింది చెయ్యకుండా నీ పాటికి నువ్వు కొడుతూ పోతే వస్తువు వస్తుంది గానీ నాణ్యత పడిపోతుంది. ఆర్డర్‌కి కావలసిన నాణ్యత లేకపోతే సంఘం పెద్ద తీసుకోడు.

అంటే కమ్మరం నేర్చుకోవడమంటే ఆ నాలుగైదు మాటల్ని గుర్తుపట్టడమే. మీ అమ్మమ్మ కుట్టుమిషన్ గుర్తుందా? నువ్వు చాలా చిన్నదానివి. ఆవిడ మాతో మాట్లాడుతూనే జాకెట్లు కుట్టేది. ఉన్నట్టుండి తొక్కడం ఆపి, బాబిన్‌లో దారం అయిపోయిందనేది. తీసి చూస్తే నిజంగానే అయిపోయి ఉండేది. చప్పుడు తేడా నాకు ఎప్పుడూ దొరకలేదు. నేను ఎంత అడిగినా "విను" అనేది, అంతకుమించి చెప్పేది కాదు. ఆ విద్య నీకు వచ్చిందని మీ అమ్మ ఎప్పుడూ అంటుంది. మెట్లమీద అడుగుల చప్పుడుని బట్టి ఎవరు వస్తున్నారో చెప్పేస్తావట.

కానీ ఒక చిక్కుంది. మొన్న నేను కూడా ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ పెట్టుకుని, మానిటర్ ఆపేసి ఆడి చూశాను. (మీ అత్తయ్య కరెంటు పోయిందనుకుంది.) నేను తర్వాతి కమాండ్ టైపు చెయ్యడం మొదలుపెట్టగానే అది చదువుతున్న లైను మధ్యలో ఆగిపోయింది. మంట తగ్గిందన్న మాట సగంలోనే తెగింది, నా కత్తి పాడైంది. కీ నొక్కగానే మాట ఆపెయ్యాలని అందులో మొదటినుంచీ పెట్టి ఉంటుంది. కీబోర్డు సెట్టింగుల్లోకి వెళ్ళి, అక్షరాలు కొడితే మాట ఆగే ఆప్షన్, ఎంటర్ కొడితే మాట ఆగేది, రెండూ తీసెయ్. నీకిది ముందే తెలిసుంటే మావయ్య ముసలి చాదస్తం అనుకుని వదిలెయ్. ఆ సానపట్టడం నేర్పినావిడ నేను తొందరపడినప్పుడల్లా ఎందుకు తిట్టేదో నాకు ఆ పూట బోధపడింది.

ఇప్పుడు నా అసలు భయం చెబుతాను. స్క్రిప్టులు, అంటే మన బదులు కమాండ్లు పంపే చిన్న ప్రోగ్రాములు.

ప్రసాద్ అంకుల్‌ని చూశావుగా, మీ అక్క పెళ్ళికి వచ్చి అందరికీ మిఠాయి వడ్డించినాయన. ఈ కథ ఆయనే నవ్వుతూ పదిమందికి చెబుతాడు గనక నేను రాయడంలో తప్పులేదు. ఆయన నా తర్వాత ఆటలోకి వచ్చాడు. మనిషి ప్రోగ్రామరు. దిమ్మ కొట్టడం మొదలుపెట్టిన మర్నాడే, "ఇది మనం చెయ్యడమేంటి, మిషన్ చేస్తుంది" అని ఎవరో రాసిన స్క్రిప్టు తెచ్చుకున్నాడు. లైను వస్తే జవాబు అదే పంపుతుంది. ఆయన పక్కన కూర్చుని సీరియల్ చూసేవాడు. ఆటలో కనిపెట్టుకుని ఉండకుండా స్క్రిప్టు నడపడం నిషిద్ధం, పట్టుబడితే శిక్ష ఉంటుంది. అందుకని కుర్చీ వదిలేవాడు కాదు. చట్టం ప్రకారం తప్పు చెయ్యలేదు. కళ్ళు మాత్రం టీవీ మీదే.

కమ్మరంలో ఆయన ర్యాంకులు, అంటే నైపుణ్యపు మెట్లు, పెరిగాయి. నాకన్నా వేగంగా పెరిగాయి, దాచుకోవడమెందుకు, నాకు కుళ్ళుగా కూడా ఉండేది. కష్టమైన ఆర్డర్లు పట్టాడు. పేరొచ్చింది. క్రాసింగ్‌లో కత్తి కావాలంటే ప్రసాద్ పాత్ర పేరే చెప్పేవాళ్ళు. అప్పుడొకావిడ వచ్చింది. ఆటలో వేటకి తిరిగే మనిషి, చాలాకాలం తిరిగి సంపాదించుకున్న అరుదైన లోహం తెచ్చి ఈయన చేతిలో పెట్టింది. తన గిల్డులో ఒకరు ఆట మానేస్తున్నారని, వీడ్కోలు కానుకగా కత్తి ఇస్తానని, కూలి ఎంతైనా ఫరవాలేదని చెప్పింది. పక్కనే నిలబడి చూస్తానంది.

ఆవిడ అక్కడే ఉంటే స్క్రిప్టుతో చెయ్యడం బాగుండదని ఈయనకి తోచింది. చేత్తో మొదలుపెట్టాడు. మొదటి దెబ్బ కొట్టాడు. ఒక లైను వచ్చింది. ఆ లైను తను వేలసార్లు తెరమీద పోనిచ్చిందే, ఒక్కసారి చదవలేదు. తిప్పమంటోందో ఊదమంటోందో తెలియలేదు. నాకు ఫోన్ చేశాడు. నేను ఆఫీసులో మీటింగులో ఉన్నాను. తనే ఏదో ఊహించి ఊదాడు. తిప్పాల్సింది. మళ్ళీ కొట్టాడు, మంట ఆరిపోవస్తోంది. అప్పుడు కంగారులో స్క్రిప్టు ఆన్ చేశాడు. సగం పని మధ్యలో మొదలుపెట్టేసరికి దానికీ ఏమీ అర్థం కాలేదు, పుస్తకం తియ్యడం దగ్గరనుంచి మొదలుపెట్టి, ఆవిడ చూస్తుండగానే చేతిలో పట్టకారు కిందపడేసి సంచీ వెతకడం మొదలుపెట్టింది. కత్తి అయితే చివరికి వచ్చింది. చూసినవాళ్ళు ఎవరూ కానుకగా ఇవ్వరు.

ఆవిడ ఒక్క మాట అనలేదు. కూలి ఇచ్చేసి వెళ్ళిపోయింది. ఈయన తిరిగి ఇచ్చేద్దామని వెంటపడితే, తీసుకోలేదు. ఆ తర్వాత ప్రసాద్ పాత్ర ఆర్డర్లు పట్టడం మానేశాడు. సిగ్గుతో కాదట, ప్రతి ఒక్కళ్ళూ తనని ఎక్కడ నిలబెట్టి చెయ్యమంటారోనని భయంతోనట. అన్ని ర్యాంకులున్నా మళ్ళీ చవకరకం లోహం కొనుక్కుని ఒక్కో లైను చదువుకుంటూ చేశాడు. అవి ఆయనకి ర్యాంకు ఇవ్వవు, పని మరీ తేలికైతే ఈ ఆటలో ఏమీ నేర్పదు. అయినా చేశాడు.

నువ్వు స్క్రిప్టు రాస్తావని నాకు తెలుసు. కాలేజీలో కోడింగ్ నేర్చుకుంటున్నావు, చెయ్యి ఊరుకోదు. పూర్తిగా వద్దనను. తిప్పమన్న లైను వస్తే గంట మోగేలా, మంట తగ్గితే వేరే చప్పుడు వచ్చేలా ట్రిగ్గర్ పెట్టుకో. అది నీకు చెవి ఒగ్గినట్టే. జవాబు మాత్రం నీ వేళ్ళతోనే పంపు. ఆ గంటలు కూడా నాలుగైదు రకాల వస్తువులు మామూలుగా చేతికి వచ్చాకే పెట్టు.

చెయ్యడం అనే పని ఈ ఆటల్లో మొదటినుంచీ లేదని నీకు తెలుసా? 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ మడ్ అనే టెక్స్ట్ ఆట మొదలుపెట్టినప్పుడు, నిధులు ఏరుకొచ్చి చిత్తడినేలలో పడేస్తే పాయింట్లు వచ్చేవి. తర్వాత 1991లో కోపెన్‌హాగన్ విద్యార్థులు విడుదల చేసిన డికూమడ్ అనే ఆట దారిలో వచ్చినవి రాక్షసుల్ని చంపడం మీదే పోయాయి. డ్రాగన్‌రెల్మ్స్ 1996లో వచ్చింది. నేను అమెరికా వచ్చిన కొత్తల్లో చేరాను. నలుగురం ఒక అపార్ట్‌మెంట్లో, ఒకటే ఫోను లైను. నేను ఆటలో ఉంటే మిగతావాళ్ళకి ఫోను రాదు. ఒక ఆదివారం మీ తాతయ్య బూత్‌లో నిలబడి ఎంతసేపు తిప్పినా లైను దొరకలేదట. విషయం పెద్దదేం కాదు, మీ అమ్మకి సంబంధం కుదిరిందని చెప్పడానికి. ఆ కబురు నాకు మూడోరోజున తెలిసింది. మీ అమ్మ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. నీ ఆట అంటే ఆవిడకి మంట అందుకే, నీమీద కోపంతో కాదు. ఆవిడ పిలిస్తే పలుకు. దాగలి మీద ఏమున్నా సరే.

తెల్లవారుజామున ఎందుకు లేస్తున్నావో నాకు అర్థమైంది. మనకి పొద్దున ఆరున్నరంటే న్యూయార్క్‌లో రాత్రి తొమ్మిది, చలికాలంలో ఎనిమిది. సంఘంలో జనం ఉండేది అప్పుడే, అడిగితే చెప్పేవాళ్ళు దొరుకుతారు. ఆ వేళకి లేవడం మంచిదే. రాత్రి పన్నెండు దాకా కూడా కొడుతున్నావని విన్నాను, అది మాత్రం ఊరుకోను. ఎక్కువసేపు కొడితే ఎక్కువ వస్తుందనుకుంటున్నావేమో. రాదు. నేర్చింది ముందు బుర్రలో చేరుతుంది, నెమ్మదిగా ర్యాంకులోకి దిగుతుంది. బుర్ర నిండి మైండ్ లాక్ అయ్యాక ఎంత కొట్టినా వృథా. అప్పుడు సుత్తి దించి వేరే పని చూసుకో, లేదా పడుకో. మణికట్టు నొప్పి పుడితే ఆ రోజుకి ఆపెయ్. నా కుడి మణికట్టు సంగతి నీకు తెలుసుగా, జాడీ మూత తియ్యలేను.

ఇంకొక్కటి. పాతవాళ్ళు కొత్తవాళ్ళకి దిమ్మలు, పనిముట్లు, నాణేలు ఊరికే ఇస్తారు. చాలామంది మంచి మనసుతోనే ఇస్తారు. పనిముట్లు తీసుకో, నాణేలు మాత్రం వద్దని చెప్పు. క్రోనార్లు, అంటే ఆ ఆట నాణేల, కోసం ఎవరికీ నిజం డబ్బు ఒక్క రూపాయి కూడా పంపకు. ఏ ఊరు, ఏ కాలేజీ, ఒంటరిగా ఉంటావా అని అడిగేవాళ్ళకి ఎలాంటి జవాబూ ఇవ్వకు. నీకు కనిపించదని ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు, చెప్పకూడదనీ లేదు, అది నీ ఇష్టం. ఇదంతా నువ్వు చిన్నపిల్లవని కాదు. నా వయసుకి ఇలాగే అనిపిస్తుంది.

ఏ వస్తువు చేసినా తెరమీద వచ్చిన లైన్లన్నీ ఉండే లాగ్ ఫైలు దాచుకో. పాడైనప్పుడు వెనక్కి వెళ్ళి వింటే ఏ లైను దగ్గర జారిందో తెలుస్తుంది. అర్థం కాని లైను ఉంటే నాకు పంపు, ఎప్పుడైనా ఫరవాలేదు.

వచ్చే శనివారం నీ పొద్దుటి వేళకి నేనూ క్రాసింగ్ కొలిమిలోకి వస్తాను. నీకు ఏమీ ఇవ్వను. నువ్వు చేసింది కొంటాను. కానీ చెప్పిన ధరకి కొనను, బేరమాడతాను, సిద్ధంగా ఉండు.

మీ మావయ్య