వైజాగ్ నుంచి బైర్లూటీ జంగిల్ క్యాంపు: పిల్లలు, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి

ఆరేళ్ల పాప, డెబ్బై దాటిన అమ్మానాన్నలతో నల్లమలలో బైర్లూటీ క్యాంపుకి వెళ్లొచ్చా, టెంటా కాటేజీయా, పులి కనిపిస్తుందా అని అడిగారు.

వెళ్లొచ్చండి. పులి కోసమే అయితే మాత్రం వద్దు. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం 3,700 చదరపు కిలోమీటర్లకు పైనే. అంతా కొండలూ లోయలూ, జీపు తిరిగే దారి అందులో చిన్న ముక్క. రాజస్థాన్‌లో పులులకి పేరున్న రణథంబోర్ ఫోటోలు చూసి వచ్చినవాళ్లే ఇక్కడ మొహం వేలాడేసుకుని తిరిగెళ్తారు. ఇక్కడ చూడాల్సింది జాడలు. అవి చూపించే మనిషి దొరకడమే ఈ క్యాంపు గొప్ప.

క్యాంపు అటవీశాఖది. నడిపేది ఈడీసీ, అంటే గూడెం చెంచులతో వేసిన పర్యావరణాభివృద్ధి కమిటీ. వంట, గైడు పని, గదుల శుభ్రం అన్నీ వాళ్లవే. ఉన్నది కొద్దిమంది, అందుకని హోటల్లోలా అడిగిన నిమిషానికి ఏదీ రాదు. బుకింగ్ ఆన్‌లైన్‌లో అయిపోయినా, ముందురోజు ఫోన్ చేసి మూడు సంగతులు చెప్పండి: ఎంతమంది, ఎన్ని గంటలకి చేరతారు, పాపకి కారం లేని పప్పూ అన్నం కావాలని. సరుకులు దగ్గరి పట్టణం ఆత్మకూరు నుంచి రావాలి. వచ్చాక చెబితే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? ప్యాకేజీలో సఫారీ ఏ పూటో కూడా అప్పుడే ఖాయం చేసుకోండి.

ప్రయాణానికి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ బాగుంటుంది. గుంటూరు, మార్కాపురం రోడ్ మీదుగా నంద్యాల వెళ్తుంది, కాకపోతే దింపేది రాత్రివేళ. పెద్దవాళ్లున్నారు కాబట్టి నంద్యాలలో గది తీసుకుని, పొద్దున కారులో వెలుగోడు మీదుగా ఆత్మకూరు, అక్కణ్నుంచి దోర్నాల రోడ్డు పట్టుకోండి. ఆత్మకూరులోనే డబ్బు తీసుకోండి. లోపల సిగ్నల్ దొరక్క ఫోన్‌పే తిరుగుతూనే ఉంటుంది. రాత్రిపూట అడవి రోడ్డు మీద గేట్లు వేస్తారు, సాయంత్రానికి చేరదాంలే అనుకోవద్దు.

నెల ఎంచుకోవడంలోనే చాలామంది తప్పుతారు. జులై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ మూసేస్తారు. నవంబరు-ఫిబ్రవరి పెద్దవాళ్లకి హాయి, కానీ ఆకు దట్టంగా ఉండి పది గజాల అవతల ఏముందో తెలీదు. మార్చి నుంచి ఆకు రాలి, జంతువులు నీటిగుంటల దగ్గరికి చేరతాయి. కనిపించడం ఎక్కువే, ఎండా అంతే. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం టెంటులో కూర్చోవడం డెబ్బై ఏళ్లవాళ్ల వల్ల కాదు. మీకైతే ఫిబ్రవరి చివర, పెద్దవాళ్లకి కాటేజీ. పాప టెంటు అని మారాం చేస్తే మీలో ఒకరు తనతో పడుకోండి.

టెంటులో గొడవంతా జిప్పుతోనే. కింద నాలుగు వేళ్ల సందు వదిలినా చీమలు, తేళ్లు లోపలికొస్తాయి. చెప్పులు బయట వదిలితే వేసుకునే ముందు దులపాలి. బిస్కెట్లు, అరటిపళ్లు లోపల పెట్టకండి, కోతులు గుడ్డ చింపేస్తాయి. కారులో పెట్టి అద్దాలు ఎక్కించండి.

సఫారీకి పొద్దుటి మొదటి జీపే అడగండి. ఏటవాలు వెలుతురులో దుమ్ము మీద అచ్చులు స్పష్టంగా కనిపిస్తాయి, కాస్త పొద్దెక్కితే జీపు చక్రాలే తుడిచేస్తాయి. అచ్చు దగ్గర జీపు ఆపించి గైడుని అడగండి. గోళ్ల గుర్తు పడితే రేసుకుక్కో, హైనానో. పులి, చిరుత గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తాయి, మెత్తలు మాత్రమే పడతాయి. వెనక పాదం అచ్చు చుట్టూ పుల్లతో గీత గీస్తే, మగపులిదైతే దాదాపు నలుచదరంగా, ఆడపులిదైతే కాస్త పొడుగ్గా వస్తుంది. ఇక చెవులు. చుక్కల దుప్పి ఊరికే కూడా బెదిరి అరుస్తుంది. కణితి (సాంబారు జింక) అలా కాదు. అది ఆగి ఆగి గట్టిగా అరిచిందంటే ఇంజను ఆపించి పది నిమిషాలు కదలకండి. చెట్టు మీద కొండముచ్చులు ఎటు చూస్తున్నాయో అటే చూడండి. పాపకి ఈ ఆట ముందే నేర్పితే జీపులో అల్లరి చెయ్యదు.

జీపు మెట్టు ఎత్తు. మోకాళ్ల నొప్పులుంటే క్యాంపులో చిన్న స్టూలు అడిగి వెంట పెట్టుకోండి. వెనక సీటు కుదుపులు నడుముని వదలవు, పెద్దవాళ్లని డ్రైవరు వెనకే కూర్చోబెట్టండి. దుమ్ముకి మాస్కు, మనిషికి లీటరు నీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు (ప్యాకెట్టు మీద రాసినన్ని నీళ్లలో మొత్తం కలపాలి, సగం ప్యాకెట్టు సగం నీళ్లలో అని అంచనా వెయ్యొద్దు). తెల్లబట్టలు, సెంటు వద్దు. బైనాక్యులర్ 8x42 చాలు, 10x50 జీపు కుదుపులో నిలవదు.

గూడెంలో పిల్లలకి చాక్లెట్లు పంచడం, అడక్కుండా ఇళ్లను ఫోటో తియ్యడం మానండి. వాళ్ల ఇళ్లు టూరిస్టు స్పాటు కాదు. టిప్పు ఇస్తే గైడు చేతిలో ఒక్కడికే కాక అందరికీ అని చెప్పి ఇవ్వండి, వంటావిడకి సాధారణంగా ఎవరూ ఇవ్వరు. తేనె సీసాలు మోసుకురానక్కర్లేదు. చెంచుల దగ్గర తేనె కొనే జీసీసీ (గిరిజన సహకార సంస్థ) ప్రధాన కార్యాలయం ఉన్నది మన వైజాగ్‌లోనే, ఇక్కడే దొరుకుతుంది.

గడ్డిలో నడిచేటప్పుడు ప్యాంటు అంచులు సాక్సులోకి దోపండి. పిడుదు పట్టుకుంటే కిరోసిన్, అగ్గిపుల్ల వైద్యాలు వద్దు. చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. తిరిగొచ్చాక మూడు వారాల్లోపు ఎవరికైనా జ్వరం వస్తే, అడవికి వెళ్లొచ్చామని డాక్టరుకి మొదటి మాటగా చెప్పండి. మలేరియాకి రక్తపరీక్ష చేయించండి. స్క్రబ్ టైఫస్ (పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని సన్న పురుగు కుడితే వచ్చే జ్వరం) అయితే, కుట్టిన చోట సిగరెట్ కాలినట్టు నల్లటి పక్కు ఒకటి ఉండొచ్చు. అది చంకలోనో, గజ్జల్లోనో, నడుం పట్టీ కిందో దాక్కుంటుంది, నొప్పి ఉండదు. పాపకి స్నానం చేయించేటప్పుడు మీరే వెతకండి.