వచ్చేవి 10 జీతాలు, లెక్క 12 జీతాలకు

ప్రశ్న: మాది జంషెడ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. నా వయసు 33. రాంచీలో ఓ ప్రైవేటు స్కూల్లో కాంట్రాక్టు పీఈటీని. జీతం రూ.38,000, ఇంటి ఖర్చు రూ.23,000. పచ్చిక మీద బరువైన బంతులను (బౌల్స్) దొర్లించే లాన్ బౌల్స్ ఆటలో దేశం తరఫున రెండుసార్లు ఆడాను. కొత్త బౌల్స్ సెట్‌కు, విదేశీ టోర్నీకి 18% వడ్డీతో రూ.3 లక్షల పర్సనల్ లోన్ తీసుకున్నాను. ఈఎంఐ రూ.10,846. ఇంకా 28 ఉన్నాయి. బ్యాంకులో రూ.40,000 ఉంది. ఏటా రెండు నెలలు జట్టు శిక్షణ క్యాంపులో ఉంటాను, ఆ రోజులకు జీతం రాదు. ఇప్పుడు సొంత ఖర్చుతో ఆస్ట్రేలియా టోర్నీకి వెళ్లాలి. నా భార్య నగలపై రూ.2 లక్షలు తీసుకోనా? ఈ ఆట యాభై దాటినా ఆడొచ్చు, పతకం వస్తే అప్పులు తీరతాయి. నెలకు రూ.4,000తో మ్యూచువల్ ఫండ్ సిప్ కూడా మొదలుపెట్టాలనుకుంటున్నాను.

జవాబు: నగల మీద అప్పు వద్దు. ఆస్ట్రేలియా టోర్నీ ఈసారికి వదిలేయండి.

ఆట ఎక్కువకాలం సాగుతుంది కాబట్టి రాబడి కూడా సాగుతుందని చాలామంది క్రీడాకారులు నమ్ముతారు. లాన్ బౌల్స్ ఒలింపిక్స్‌లో లేదు, ఆసియా క్రీడల్లోనూ లేదు. మనకు పెద్ద వేదిక నాలుగేళ్లకోసారి వచ్చే కామన్వెల్త్ క్రీడలే. 2022లో బర్మింగ్‌హామ్‌లో దక్షిణాఫ్రికాను 17-10తో ఓడించి స్వర్ణం తెచ్చిన మహిళల జట్టులో లవ్లీ చౌబే జార్ఖండ్ పోలీసు శాఖలో, నయన్‌మోని సైకియా అస్సాం అటవీ శాఖలో అప్పటికే ఉద్యోగులు. ఇల్లు గడవడానికి వాళ్లు పతకం కోసం ఎదురుచూడలేదు. పతకం గెలిచినవారికి కేంద్రం ఇచ్చే నెలవారీ పింఛను కూడా పోటీల నుంచి తప్పుకున్నాకే మొదలవుతుంది. అంటే యాభై దాకా ఆడితే అప్పటిదాకా అదీ రాదు.

అసలు చిక్కు మీ లెక్కలోనే ఉంది. నెలకు రూ.4,154 మిగులుతోందనుకునే కదా సిప్ అడుగుతున్నారు! మీ చేతికొచ్చేది ఏటా 10 జీతాలు, రూ.3,80,000. ఇల్లు, ఈఎంఐ కలిపి 12 నెలలకు రూ.4,06,152. ఏటా రూ.26,152 లోటు. ఆ రూ.40,000 ఏడాదిన్నరలో హరించుకుపోతుంది. ఇంత లోటులో ఇంకో అప్పా?

ముందు క్యాంపు సంగతి తేల్చుకోండి. కాంట్రాక్టు పునరుద్ధరించే ముందే ఫెడరేషన్ పిలుపు లేఖ చూపించి, కనీసం ఒక నెలకైనా జీతంతో సెలవు రాయించుకోండి. ఇంటి ఖర్చులో రూ.3,000 తగ్గించండి. ఈ రెండూ కుదిరితే లోటు పోయి ఏటా రూ.47,848 మిగులుతుంది. దాన్నీ, బ్యాంకులో ఉన్న రూ.40,000నూ ఏటీఎం కార్డు లేని వేరే ఖాతాలో వేయండి. ఈఎంఐలు ముగిసేసరికి అక్కడ సుమారు రూ.1.5 లక్షలు ఉంటాయి. మీ అత్యవసర నిధి లక్ష్యం, తగ్గించాక నెలకు రూ.20,000 చొప్పున ఆరు నెలల ఇంటి ఖర్చు, దానిపై క్యాంపు కోసం మరో రెండు నెలలది, మొత్తం రూ.1.6 లక్షలు. మామూలు ఉద్యోగికి ఆరు నెలలు చాలు, మీకు చాలదు. క్యాంపు ముందే తెలిసిన ఖర్చు, దానికి అత్యవసర నిధిని కరిగించకూడదు.

పాత బౌల్స్ సెట్ ఇంట్లో ఉంటే అమ్మేయండి. వాటి మీద అంతర్జాతీయ సంస్థ వరల్డ్ బౌల్స్ వేసిన ముద్రలో సంవత్సరం ఉంటే, అది దాటకముందే అమ్మడం మేలు. ఆ డబ్బూ ఈ ఖాతాలోకే.

స్కూలు ఇచ్చే ఆరోగ్య బీమా కాంట్రాక్టుతోనే పోతుంది, కుటుంబానికి రూ.10 లక్షల సొంత పాలసీ తీసుకోండి. ప్రమాద బీమా ఉంది కదా అనుకోకండి. ప్రతి బౌల్‌కూ వంగి వంగి నెమ్మదిగా అరిగే మోకాలికి, నడుముకు అది పైసా ఇవ్వదు. రూ.50 లక్షల టర్మ్ జీవిత బీమా పాలసీ కూడా ఉండాలి. వీటి ప్రీమియం పై మిగులులోంచే కట్టండి, నిధి కొన్ని నెలలు ఆలస్యమైనా ఫర్వాలేదు.

సిప్ ఈఎంఐలు అయ్యాకే. ఇకపై విదేశీ టోర్నీకి పిలుపు వస్తే టికెట్ కొనకముందే ఖర్చు ప్రభుత్వానిదా, మీదా అని రాతపూర్వకంగా అడగండి. మీదే అయితే, నిధి నిండాక విడిగా కూడబెట్టిన డబ్బుంటేనే వెళ్లండి.