డ్రిల్లింగ్ నౌక ఎక్కబోయే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నౌకలో సూక్ష్మజీవుల విభాగంలో నీకు చోటు దొరికిందని తెలిసి సంతోషించాను. కోర్‌లో, అంటే సముద్రపు అడుగు నుంచి గొట్టంతో తవ్వి తీసిన మట్టి స్తంభంలో, కనిపించిన సూక్ష్మజీవి కణం అక్కడి మట్టిదా, మనం గొట్టంలోకి పంపిన నీటిదా అని నువ్వు అడిగిన ప్రశ్న మీదే నీ పని మొత్తం నిలుస్తుంది.

ముందు లెక్క చూడు. 2012లో చిక్యూ నౌక జపాన్‌లోని షిమోకితా తీరానికి ఎదురుగా సముద్రపు అడుగు నుంచి 2,466 మీటర్ల దాకా తవ్వినప్పుడు కొన్ని పొరల్లో ఘన సెంటీమీటరుకు పది కణాలైనా కనిపించలేదు. మిల్లీలీటరుకు ఐదు లక్షల కణాలున్న సముద్రపు నీరు ఒక మైక్రోలీటరులో పదో వంతు చొరబడినా యాభై కణాలు వచ్చి పడతాయి. కాబట్టి ‘కల్తీ జరిగిందా’ అని కాదు, ‘ఎంత జరిగింది’ అని అడగడం అలవాటు చేసుకో.

ఆ కొలతకు, తవ్వేటప్పుడు గొట్టంలోకి పంపే డ్రిల్లింగ్ ద్రవంలో పర్‌ఫ్లోరోమిథైల్‌సైక్లోహెక్సేన్ వంటి ట్రేసర్‌ను (ద్రవం ఎక్కడికి చేరిందో పట్టిచ్చే ఆనవాలు రసాయనాన్ని) లీటరుకు సుమారు ఒక మిల్లీగ్రాము ఉండేలా కలిపి, తరువాత నమూనాలో గ్యాస్ క్రొమటోగ్రఫీతో (ఆవిరయ్యే రసాయనాలను విడదీసి కొలిచే పద్ధతితో) వెతుకుతారు. అది చాలా సూక్ష్మమోతాదులో కూడా దొరుకుతుంది, కానీ ఇట్టే ఆవిరవుతుంది. ట్రేసర్ సీసా ముట్టిన చేతి తొడుగులతోనే నమూనా తీసి, ఆ పూట ఫలితాలన్నీ పారేసుకున్నవాణ్ణి నేను. పైగా కణం దూరలేని సందుల్లోకి కూడా ఆ అణువు దూరుతుంది. అందుకే కణం పరిమాణంలో, అర మైక్రాను వ్యాసం ఉండే మెరిసే ప్లాస్టిక్ పూసలనూ వాడతారు. అయితే పూసలు సమంగా పరచుకోవు గనుక, అవి కనిపించనంత మాత్రాన నమూనా శుభ్రమని రాయకు.

పిస్టన్ కోరర్ అనే కోర్ తీసే గొట్టం మెత్తని మట్టిలోకి ఒక్క ఊపున దిగుతుంది కాబట్టి కోర్ అంచులు చెడినా నడిమి భాగం సాధారణంగా బాగుంటుంది. గట్టి పొరల్లో తిరుగుతూ తొలిచే బిట్‌తో తీసిన కోర్ బిస్కెట్ల వంటి ముక్కలై, వాటి మధ్య డ్రిల్లింగ్ బురద నిండుతుంది. ఒక్కో ముక్క లోపలి నడిమి భాగం తప్ప మరేదీ ముట్టకు. 2006లో గ్యాస్ హైడ్రేట్ల (వాయువును బంధించిన మంచులాంటి పదార్థాల) కోసం మన కృష్ణా-గోదావరి బేసిన్‌లో తవ్విన చోట్ల వంటివాటిలో మరో చిక్కుంది: కోర్ పైకి వచ్చేసరికి వాయువు వ్యాకోచించి మట్టి చీలుతుంది, ఆ చీలికలే కల్తీకి దారులు. రాయి అయితే శుద్ధి చేసిన ఉలితో పై పొర చెక్కి, పగుళ్లూ ఖనిజపు ఈనెలూ లేని లోపలి ముక్కనే తీసుకో.

ప్రతి కోర్ నుంచీ అంచున ఒక నమూనా, నడుమ ఒక నమూనా సిరంజితో తీసి, అదే సమయపు డ్రిల్లింగ్ ద్రవాన్ని కూడా తీసిపెట్టుకో. నడిమి నమూనాలోని ట్రేసర్ విలువను ద్రవంలోని ట్రేసర్ విలువతో భాగిస్తేనే ఎంత ద్రవం చొరబడిందో తేలుతుంది. ట్రేసర్ పంపు ఆగిన సమయాలను డ్రిల్లర్‌ను అడిగి నోట్‌బుక్‌లో రాసుకో. పంపు నడవనప్పటి ‘సున్నా’ సున్నా కాదు.

డీఎన్‌ఏ విషయంలో మరీ జాగ్రత్త. వెలికితీసే రసాయనాల్లోనే బ్యాక్టీరియా డీఎన్‌ఏ ఉంటుంది గనుక, మట్టి వేయని ఖాళీ పరీక్షనాళికను కూడా అన్ని దశలూ దాటించు. ద్రవంలోనూ ఖాళీ పరీక్షనాళికలోనూ కనిపించిన జాతి నీ కోర్‌లోనూ ఉంటే, అది ఎంత ముచ్చటైన ఫలితమైనా ముందు దాన్ని పక్కన పెట్టు. ప్రతి నమూనాలో కొంత భాగాన్ని మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో ముట్టకుండా దాచు. తీరానికి వచ్చాక అనుమానం వస్తే మళ్లీ చూడడానికి నీ దగ్గర మిగిలేది అదే.