పాత ట్రాక్టరు, నిండు ట్రాలీ

ప్రశ్న: మాది పాత 35 హెచ్‌పీ ట్రాక్టరు, రెండు చక్రాల ట్రాలీ. వంద బస్తాల వడ్లతో చెరువు కట్ట ఎక్కుతుంటే ముందు టైర్లు లేస్తున్నాయి. స్టీరింగ్ తిప్పినా బండి తిరగట్లేదు. ఇంజన్ మాత్రం బాగానే లాగుతోంది. – ఒక రైతు, పరకాల

జవాబు: లోపం ఇంజన్‌లో లేదు, బరువు పడే చోట ఉంది. 40 కిలోల బస్తాలు వందంటే 4 టన్నులు. రెండు చక్రాల ట్రాలీలో సరుకు బరువు కొంత హుక్కు మీదికి వస్తుంది. 15 శాతం వచ్చినా 600 కిలోలు. హుక్కు వెనుక ఇరుసుకు సుమారు రెండడుగులు వెనకాల ఉంటుంది కాబట్టి, ఆ బరువు ముందు చక్రాల మీది నుంచి దాదాపు 200 కిలోలు లేపేస్తుంది. ఎక్కుడులో ఇంజన్ లాగుడు కూడా తోడైతే ముందు టైర్లకు నేల అందదు.

బస్తాలు మొదట ట్రాలీ ఇరుసుపైన పేర్చి, ఆ తర్వాత ముందుకూ వెనక్కూ నింపండి. ముందు వైపు రవ్వంత మొగ్గు చాలు. బరువంతా వెనక్కి నెట్టారంటే హుక్కు పైకి లేస్తుంది, వెనుక టైర్ల పట్టు పోతుంది, రోడ్డు మీద ట్రాలీ తోక ఊపుతుంది. ముందు బంపర్‌కు ఇనుప బరువులు తగిలించండి. వెనుక టైర్లలో నీళ్లు నింపితే సరిపోతుందని చాలామంది అంటారు. దానివల్ల పెరిగేది వెనుక పట్టు, ముందు టైర్లు దిగవు. కట్ట బాగా నిటారుగా ఉంటే 70 బస్తాలే వేసి రెండో ట్రిప్పు కొట్టండి. డీజిల్ పోయినా ప్రాణం దక్కుతుంది.

ఇంకో మాట. బురదలో దిగబడ్డ ట్రాలీని లాగడానికి గొలుసును టాప్ లింక్‌కు (సీటు వెనుక పై భాగంలో పనిముట్లు తగిలించే రాడ్డు) కట్టకండి. లాగే చోటు వెనుక ఇరుసు కంటే ఎత్తులో ఉంటే ట్రాక్టరు వెనక్కి తిరగబడుతుంది. డ్రైవరుకు దూకే వ్యవధి ఉండదు. కింది హుక్కుకే కట్టండి.

ప్రశ్న: నిండు ట్రాలీతో దిగుడులో బ్రేక్ వేస్తే ట్రాక్టరు ఎడమకు గుంజుతోంది. – ములుగు

జవాబు: ముందుగా చూడాల్సింది ఎడమ, కుడి చక్రాలకు వేరువేరుగా ఉండే రెండు బ్రేక్ పెడళ్లను కలిపే పట్టీ. దుక్కిలో విప్పినది రోడ్డెక్కే ముందు మళ్లీ వేశారా? వేసినా గుంజుతుంటే కుడి బ్రేక్ సరిగా పట్టడం లేదన్నమాట. రెండు పెడళ్ల ఖాళీ కదలిక (బ్రేక్ పట్టకముందు పెడల్ దిగే దూరం) సమానంగా ఉండేలా రాడ్ల నట్లు బిగించండి. తర్వాత ఖాళీ ట్రాక్టరుతో మట్టి దారిలో మెల్లగా నడిపి బ్రేక్ నొక్కితే రెండు టైర్ల గీతలు ఒకే పొడవు రావాలి. నట్లు సరిచేసినా తేడా ఉంటే, పాత బండ్లలో ఇరుసు సీల్ కారి ఆయిల్ బ్రేక్ లైనింగ్‌కు పట్టి ఉంటుంది. సీల్, లైనింగ్ రెండూ మార్చాలి.

దిగుడుకు ముందే చిన్న గేరు వేయండి. మధ్యలో క్లచ్ తొక్కితే, న్యూట్రల్ చేస్తే బండిని ఇంజన్ పట్టి ఆపడం పోయి ట్రాలీ వెనక నుంచి తోస్తుంది, మలుపులో ట్రాక్టరును అడ్డం తిప్పేస్తుంది.

ప్రశ్న: పత్తి లోడుతో ఎనుమాముల మార్కెట్‌కు వచ్చేసరికి ఇంజన్ వేడెక్కుతోంది. – నర్సంపేట

జవాబు: రేడియేటర్ ముందున్న జాలీకి దూది, దుమ్ము పట్టి ఉంటాయి. ఇంజన్ చల్లారాక ఫ్యాన్ వైపు నుంచి బయటికి గాలి కొట్టించండి. ఫ్యాన్ బెల్టు వదులైందేమో కూడా చూడండి. వేడి మీద రేడియేటర్ మూత తీయకండి.