గొలుసులతో కట్టేసిన హీరో

తమ్ముడూ,

నువ్వు పంపిన 8 ఎపిసోడ్ల స్క్రిప్టు రెండుసార్లు చదివాను. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు.

'రాత్రి, వాన, చీకటి' అని సీన్ హెడింగుల్లో ఎన్నిచోట్ల రాశావో ఊరికే లెక్కపెట్టాను. 31. హీరో నవ్వడు. విలన్‌కి జాలి లేదు. ప్రతివాడికీ చిన్నప్పుడు ఎవరో ఒకరు చచ్చిపోయి ఉంటారు. ఇన్ని పెట్టినా నాకు ఒక్కచోట కూడా గుండె జారలేదు. ఎందుకబ్బా అనుకుంటుంటే 'డేర్‌డెవిల్' అనే సూపర్‌హీరో సీరియల్ రెండో సీజన్ గుర్తొచ్చింది. హీరో మ్యాట్ చూపులేని లాయరు, రాత్రిళ్లు ముసుగేసుకుని డేర్‌డెవిల్ అవుతాడు. నువ్వు చూసే ఉంటావు. ఈసారి రాసేవాడి కళ్లతో ఇంకోసారి చూడు.

2016 మార్చి 18న నెట్‌ఫ్లిక్స్‌లో 13 ఎపిసోడ్లూ ఒకేసారి వచ్చాయి. నా ఉద్దేశంలో అందులో ఒక గొప్ప సగం, ఒక నీరసపు సగం ఉన్నాయి. నీలాంటివాడికి ఇలాంటిదే పనికొస్తుంది. మొదటి నుంచి చివరిదాకా బాగున్నదాన్ని చూస్తే దండం పెట్టి ఊరుకుంటాం, నేర్చుకునేదేమీ ఉండదు.

గొప్ప సగం ఫ్రాంక్ కాసిల్‌ది, అంటే నేరస్థులను వెతికి చంపే మాజీ సైనికుడు పనిషర్‌ది. మూడో ఎపిసోడ్ తీసుకో. న్యూయార్క్‌లో హెల్స్ కిచెన్, ఒక మేడ పైకప్పు. డేర్‌డెవిల్‌ని గొలుసులతో కట్టేసి ఎదురుగా ఫ్రాంక్ కూర్చుంటాడు. సూపర్‌హీరో సీరియల్లో హీరోని కదలకుండా కట్టేసి ఇద్దరి చేతా వాదన పెట్టించడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించు. హీరో నేరస్థులను కొట్టి పోలీసులకు అప్పగిస్తాడు. వాళ్లు మళ్లీ బయటికొస్తారు, నేను పడుకోబెట్టినవాడు మళ్లీ లేవడు అంటాడు ఫ్రాంక్. దీనికి హీరో దగ్గర జవాబుంది కానీ అది ఫ్రాంక్ నోరు మూయించే జవాబు కాదు. చూస్తున్న మనకు ఒక నిమిషం ఇతనిది న్యాయమనిపిస్తుంది, మరు నిమిషం అతనిది. మధ్యలో చప్పుడు విని ఒక ముసలాయన పైకొస్తాడు. ఫ్రాంక్ ఎంతో మర్యాదగా మాట్లాడి పంపించేస్తాడు. ఆ మర్యాద చూస్తేనే నాకు ఎక్కువ భయమేసింది. అరిచేవాడు ఎప్పుడు మీద పడతాడో కాస్త ముందుగా తెలుస్తుంది, ఇలాంటివాడితో అదీ తెలియదు.

తర్వాత ఫ్రాంక్ హీరో చేతికి తుపాకీ పెట్టి టేపు చుడతాడు. లోపల ఒకే ఒక గుండు. గ్రాటో అనే చిల్లర నేరస్థుణ్ని తెచ్చి నిలబెడతాడు, వాడు చేసిన హత్య వాడి నోటితోనే చెప్పిస్తాడు. నన్ను కాల్చి వీణ్ని కాపాడుకో, లేదా ఊరుకుని వీణ్ని చావనివ్వు. హీరో మూడో దారి వెతుక్కుంటాడు, ఆ గుండుతో తన గొలుసు తెంపుకుంటాడు. తెలివైన పనే, కానీ గ్రాటో ప్రాణం దక్కదు. ఇక్కడ ఆగి నోట్సు రాసుకో. హీరో తన నియమం నిలబెట్టుకున్నాడు, దాని ఖర్చు ఇంకొకడి ప్రాణం. చీకటి అంటే నాకు ఇదీ. వాన పడిందా, లైటు తగ్గిందా అన్నది కెమెరామెన్ చూసుకుంటాడు.

దాని వెంటనే వచ్చే మెట్ల ఫైటు గురించి నాకు అందరితో గొడవే. ఒక చేతిలో గొలుసు, ఇంకో చేతికి ఖాళీ తుపాకీ, అంతస్తు తర్వాత అంతస్తు దిగుతూ కొట్టడం. బాగా తీశారు, కాదనను. కానీ మొదటి సీజన్ రెండో ఎపిసోడ్‌లోని కారిడార్ ఫైటే నాకు ఇప్పటికీ పై మెట్టు. అక్కడ తలుపు వెనక ఎత్తుకొచ్చిన పిల్లవాడున్నాడు. హీరో గోడకు ఆనుకుంటాడు, ఆయాసపడతాడు, పడిపోతాడు, అయినా లేస్తాడు. ఎవరికోసం లేస్తున్నాడో మనకు తెలుసు. మెట్ల ఫైటులో హీరో దిగాలి కాబట్టి దిగుతున్నాడు.

నాలుగో ఎపిసోడ్ చివర శ్మశానం సీన్ తప్పకుండా చూడు. రక్తమోడుతున్న ఫ్రాంక్ ఒక సమాధికి ఆనుకుని కూతురి గురించి చెబుతాడు. యుద్ధం నుంచి ఇంటికొచ్చిన రాత్రి ఆ పిల్ల పుస్తకం చదివి వినిపించమంటుంది. అలసిపోయాను, రేపు చదువుతానంటాడు. ఆ మర్నాడే పార్కులో ఆమె ప్రాణం పోతుంది. ఈ సీన్‌లో ఫ్లాష్‌బ్యాక్ లేదు. ఫ్రాంక్‌గా వేసిన జాన్ బెర్న్‌థాల్ ముఖమూ గొంతూ, అంతే. నువ్వైతే పార్కు, కాల్పులు, స్లో మోషన్ అన్నీ రాసేవాడివి. నీ ఆరో ఎపిసోడ్ చూశాక ఆ మాట ధైర్యంగా అనగలను.

ఇక నీరసపు సగం. హీరో పాత ప్రియురాలు ఎలెక్ట్రా వస్తుంది, ఆమె వెనకే 'హ్యాండ్' అనే రహస్య దళం, వాళ్ల నింజాలు. అడుగు కనిపించని పెద్ద గొయ్యి ఒకటి చూపిస్తారు. ఎందుకు తవ్వారో సీజన్ అయిపోయినా చెప్పరు. దాని సంగతి 2017లో 'ది డిఫెండర్స్' అనే వేరే సీరియల్‌లో తేల్చారు. ఆకలితో కూర్చున్నవాడికి విస్తరి వేసి, అన్నం వచ్చే ఏడు వడ్డిస్తామన్నట్టు. ఈ నింజాల గుండె చప్పుడు హీరోకి వినపడదు. చూపులేని మనిషికి ప్రపంచమంతా చెవుల్లోనే ఉంది కాబట్టి ఆలోచనగా అది అద్భుతం. కానీ ఆ గుండెల్లో ఏముందో రాసినవాళ్లు కూడా విన్నట్టు లేదు. గుంపుగా వస్తారు, గుంపుగా పడిపోతారు. ఒక్కడైనా గుర్తున్నాడా నీకు?

ఎలెక్ట్రా విషయం ఇంకా బాధ. ఎలోడీ యంగ్ బాగా చేసింది. చంపడం నా స్వభావమా, లేక నేను ఎంచుకున్నదా అన్న ప్రశ్న ఆమె పాత్రలో నిజంగానే ఉంది. అంతలో నువ్వు హ్యాండ్ ఎదురుచూస్తున్న ఆయుధం 'బ్లాక్ స్కై'వి, నువ్వు పుట్టిందే ఇందుకు అంటారు. నీ రాత ఇదీ అని ఎవరో తేల్చేశాక ఇక ఎంచుకోవడానికి ఏం మిగిలింది? నీ నాలుగో ఎపిసోడ్‌లో బాబాగారి జోస్యం తీసేయమంటున్నది ఇందుకే.

నేనూ ఇదే తప్పు చేశాను. ఒక వారపత్రికకు సీరియల్ రాసే రోజుల్లో తాళం వేసిన గదిని 11 వారాలు తెరవలేదు. లోపల ఏముందో నాకే తెలియదు మరి. తెరవక తప్పని వారం ఒక పాత పెట్టె పెట్టాను, పెట్టెలో ఒక ఉత్తరం పెట్టాను. పాఠకులు నాకు రాసిన ఉత్తరాలు దానికంటే ఘాటుగా ఉన్నాయి.

ఫ్రాంక్ చేసిన హత్యల మీద నడిచే కోర్టు కేసు రెండు సగాల మధ్యా నలిగిపోయింది. అతని తరఫు లాయర్లు మ్యాట్, అతని స్నేహితుడు ఫాగీ. ఎలెక్ట్రాతో రాత్రంతా తిరిగి మ్యాట్ కోర్టుకు ఆలస్యంగా వస్తాడు, కేసు ప్రారంభ వాదన ఫాగీ చెప్పాల్సి వస్తుంది. ఇది చాలా మంచి రాత. ముసుగు వేసుకున్న రాత్రికి పగలు స్నేహితుడు వడ్డీ కడుతున్నాడు. ఆ తర్వాత చెడగొట్టారు. ఫ్రాంక్ చేసింది న్యాయమా కాదా అని జ్యూరీ తేల్చాల్సి ఉండగా, బోనులో అతనే కేకలేసి కేసు ముంచేసుకుంటాడు. దీని వెనక జైల్లో ఉన్న మొదటి సీజన్ విలన్ ఫిస్క్ చెయ్యుంది. తర్వాతి ఎపిసోడ్‌లో ఫిస్క్ వచ్చేసరికి మళ్లీ ప్రాణం లేచొస్తుంది, నిజమే. కానీ మూడో ఎపిసోడ్‌లో పైకప్పు మీద పుట్టిన ప్రశ్నకు మామూలు మనుషులు ఏమంటారో వినే అవకాశం పోయింది. బ్లాక్‌స్మిత్ అనే డ్రగ్స్ ముఠా నాయకుడు ఎవరన్న దాగుడుమూతల గురించి చెప్పేదేమీ లేదు, ఎవరైనా ఊహించగలిగిందే.

ఇప్పుడు నీ స్క్రిప్టు. మూడో ఎపిసోడ్, 14వ పేజీ. హీరో చెల్లెలు టిఫిన్ పెడుతూ, "నిన్న రాత్రి ఎక్కడున్నావ్?" అంటుంది. ఆఫీసులో అంటాడు. "ఆఫీసుకి ఫోన్ చేశాను" అంటుంది. అక్కడ కట్ చేసి మళ్లీ వానలోకి, ఫైటులోకి వెళ్లిపోయావు. నేను మాత్రం ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను. ఆ అమ్మాయి ఇంకేం అడుగుతుంది? అతను ఎంతవరకు అబద్ధమాడగలడు? ఆ సీన్ 6 పేజీలు రాసి పంపు. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. అన్నట్టు, అది పగటి సీను. వాన కూడా లేదు.

ఉంటాను,
మీ అన్నయ్య