ముడి వాళ్లనే వెయ్యనివ్వు

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

స్కౌట్ పిల్లల చేత మొదటి క్యాంపులోనే మంచె కట్టిస్తానని రాశావు. చాలా సంతోషం. కానీ మంచె ఇప్పుడే వద్దు, ముందు ముక్కాలి కట్టించు. మూడు కర్రలు, ఒక తాడు చాలు. పైన బేసిన్ పెట్టి అది నిలబడితే పిల్లల మొహాలు చూడాలి! మూడు కర్రల్నీ కలిపే కట్టు మరీ బిగిస్తే కాళ్లు విడవవు, వదులుగా ఉంటే కూలుతుంది. ఎంత బిగించాలో చేతికి తెలిసేది అక్కడే.

ఆ తర్వాత స్క్వేర్ లాషింగ్, అంటే నిలువు కర్రనీ అడ్డకర్రనీ కలిపే కట్టు. ఎక్కువ రోజులు దీనికే కేటాయించు. నిలువు కర్రకి, అడ్డకర్ర ఆనే చోటుకి కాస్త కింద, క్లోవ్ హిచ్ (తాడుని కర్రకి బిగించే ముడి) వేయాలి. తాడు కొసని అసలు తాడుతో మెలిపెట్టి, రెండు కర్రల చుట్టూ మూడు చుట్లు తిప్పాలి. ఆ పైన కర్రల సందులోంచి, చుట్లనే నొక్కేస్తూ, రెండు బిగింపు చుట్లు. చివర అడ్డకర్రకి మళ్లీ క్లోవ్ హిచ్. పిల్లలు మూడు చుట్లూ ముచ్చటగా వేస్తారు, బిగింపు చుట్ల దగ్గరికొచ్చేసరికి అలిసిపోతారు. పట్టంతా ఆ రెండింటిలోనే ఉంది. ఒట్టి చేతులతో కాదు, వెనక్కి వాలి ఒంటి బరువుతో లాగమను. రెండు కర్రల వ్యాసాలూ కలిపి ప్రతి 3 సెంటీమీటర్లకి సుమారు మీటరు తాడు పడుతుంది. నైలాన్ జారుతుంది, సాగుతుంది. కట్లకి సీసల్, మనీలా లాంటి నారతాళ్లే వాడు.

నాలుగు కర్రల చట్రం కట్టాక ఏమీ చెప్పకుండా పక్కనుంచి తోయమను. అది వాలిపోతుంది. ఒక్క ఏటవాలు కర్ర కట్టి మళ్లీ తోయించు. త్రికోణం వాలదన్న సంగతి ఇక నువ్వు చెప్పక్కర్లేదు. ఏటవాలు కర్రలు రెండు ఒకదాన్నొకటి దాటే చోట మాత్రం డయాగనల్ లాషింగే (ఏటవాలుగా చుట్టే కట్టు) వెయ్యాలి. దాన్ని రెండు కర్రల్నీ కలిపి బిగించే టింబర్ హిచ్ ముడితో మొదలుపెడితే ఎడంగా ఉన్న కర్రలు దగ్గరికొస్తాయి. రెండు తాళ్లు కలిపి మనిషి బరువు మోయించాలంటే రీఫ్ నాట్‌ని నమ్మకు, అది మూటలకీ బ్యాండేజీలకీ పనికొచ్చే ముడి.

ఇక నా పొరపాటు ఒకటి చెప్తాను. ఒకసారి ప్రదర్శన ముందు రాత్రి, పిల్లలు కట్టిన వంతెన అందంగా లేదని నేనే విప్పి మళ్లీ కట్టాను. పొద్దున ఒక కట్టు సడలింది. ఎక్కడ ఏం జరిగిందో ఒక్క పిల్లాడికీ తెలియలేదు. తెలుస్తుందా, వాళ్లు కట్టింది కాదుగా! ఆ పిల్లల చిన్నబోయిన మొహాలు ఇప్పటికీ గుర్తొస్తాయి. 1907లో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో స్కౌట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన బేడెన్ పావెల్ పిల్లల్ని నాలుగు పేట్రోల్స్ (చిన్న జట్లు) చేసి, ఒక్కోదాన్ని ఒక కుర్రాడికే అప్పగించాడు. నువ్వూ పేట్రోల్ లీడర్లకి నేర్పి తప్పుకో. కట్టు వంకరగా ఉందా, "ఇది ఆగుతుందంటావా?" అని అడుగు. చెయ్యి మాత్రం పెట్టకు.

ఒక్క విషయంలో మాత్రం నీ మాటే చెల్లాలి. నువ్వు ప్రతి కట్టూ తడిమి, నేలకి దగ్గరగా బరువు వేసి చూడకుండా ఎవరినీ ఎక్కనివ్వకు. రాత్రి మంచుకి బిగిసిన తాడు ఎండకి వదులవుతుంది, కాబట్టి నిన్నటి తనిఖీ ఇవాళ్టికి చెల్లదు.

క్యాంపు ముగిశాక తాళ్లు కొయ్యనివ్వకు, ముడులు విప్పించి ఆరబెట్టించు. ముక్కాలి ఎన్నోసారికి నిలబడిందో రాయి. మంచెకి కర్రల కొలతలు అప్పుడు పంపుతాను.

పెదనాన్న