గీజర్ లైనుపై కారు చార్జింగ్

ప్రశ్న: గీజర్‌కు వేసిన 20 ఆంపియర్ల సర్క్యూట్ నుంచే విద్యుత్ కారును కూడా చార్జ్ చేసుకోవచ్చా? బ్రేకర్ పడిపోతుంటే పెద్దది వేయిస్తే సరిపోతుందా?

జవాబు: 230 వోల్టుల వద్ద 3 కిలోవాట్ల గీజర్ సుమారు 13 ఆంపియర్లు, చార్జర్ మరో 16 తీసుకుంటే మొత్తం 29 అవుతుంది కనుక, రెండూ ఒకేసారి నడవకూడదు. బ్రేకర్‌ను మాత్రం పెంచకండి. అది కాపాడేది గోడలోని తీగను. గీజర్ కాసేపటికి ఆగిపోతుంది గానీ, కారు గంటల తరబడి నిండు కరెంటు లాగుతుంది కాబట్టి, సాకెట్లోనూ వదులైన బిగింపుల వద్దా వేడి పేరుకుంటుంది. గీజర్ ఆన్ కాగానే చార్జింగును నిలిపి, తర్వాత తిరిగి కొనసాగించే లోడ్ షేరింగ్ స్విచ్‌ను అర్హత గల ఎలక్ట్రీషియన్‌తో పెట్టించుకోవచ్చు. ప్లగ్గులు మార్చుకుంటూ ఉండటం చవకే, కానీ ఏదో ఒక రాత్రి మరచిపోతాం. ప్యానెల్‌లో చోటుంటే కారుకు విడిగా సర్క్యూట్, దానికి ఆర్‌సీడీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరాను ఆపేసే పరికరం) వేయించడమే నేను సూచించే మార్గం.